వాసనుంటే చాలు

బహదూర్‌పురాలో జూపార్కు గోడ వెనకాల ఒక గల్లీ ఉంది. అందులోకి తిరిగితే దారి ముందు ముక్కుకే తెలుస్తుంది, తర్వాత కళ్లకు. నానిన తవుడు, నిన్నటి పేడ, మోరీలో కదలకుండా నిలిచిన గేదెల మూత్రం. గాలి ఇటు తిరిగిన రోజు గోడ అవతలి బోనుల్లోంచి పచ్చిమాంసం కంపు కూడా వచ్చి వీటితో కలుస్తుంది. గల్లీ చివర ఎల్లయ్య పాలకొట్టం, పదకొండు గేదెలు. కొట్టం మీద ఒక రేకుల గది. రెండు నెలలుగా ఆ గదిలో రాహేలు అద్దెకుంటోంది.

రాహేలుది సోంపేట అవతల, సముద్రం ఒడ్డు. ఇక్కడొక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. అన్నీ నైట్ డ్యూటీలే. లోకమంతా లేచే వేళకు వచ్చి, కిటికీకి నీలం పట్టా కట్టి, పట్టపగలు చీకటి చేసుకుని పడుకునేది. చీకటి వచ్చేది గానీ నిద్ర వచ్చేది కాదు. కింద గేదెలు నెమరేసే చప్పుడు మెట్ల మీదుగా పైకి పాకేది, ఎవరో పక్కనే కూర్చుని తడితడిగా నములుతున్నట్టు. ముద్ద నోటి దగ్గరికి తెచ్చేసరికి అన్నం కంటే ముందు పేడ వాసన నోట్లోకి వెళ్లేది. ఎల్లయ్య పెళ్లాం బుచ్చమ్మ రోజూ గ్లాసు పాలు తెచ్చి గడప మీద పెట్టేది. మీగడ మీద ఎప్పుడూ ఒక నల్ల వెంట్రుక ఉండేది. రాహేలు పాలను మోరీలో పారబోసి గ్లాసు కడిగి ఇచ్చేది.

ఆమెకు మిగిలింది ఒక చీర. అమ్మ పాత చీర. వచ్చేటప్పుడు ఉతకనివ్వకుండా లాక్కొచ్చి దిండు గలీబులో కుక్కుకుంది. అందులో ముఖం దూర్చితే ఎండుచేపలు, కొబ్బరినూనె, పొయ్యిపొగ, అమ్మ మెడ దగ్గరి చెమట. అలా ఊపిరి పీల్చుకుంటూ పీల్చుకుంటూ ఒక గంట కునుకు తీసేది.

పొద్దున ఏడింటికి అమ్మ ఫోను.

"తిన్నావేటే?"

"తిన్నానమ్మా."

"అబద్దాలాడకు. గొంతు ఇంటే తెలీదేటి నాకు. రాత్రి నీ సాప గూడా పరిసీసేనే. నువ్వు లేవని మరిసిపోయి దులిపీసేను."

చాప దులపడమంటే అమ్మకు లెక్కే. చీపురుతో మూడు దెబ్బలు. పట్, పట్, పట్. ఆ మూడో దెబ్బ వినకుండా రాహేలు చిన్నప్పుడు పడుకునేది కాదు.

"ఇరవై ఎనిమిదికి టికెట్టు తీశానమ్మా. వచ్చేస్తా. మళ్లీ రాను ఇక్కడికి. ఎవరికీ చెప్పకు."

అటు వైపు అమ్మ ఏడ్చింది. ఇటు వైపు రాహేలు ఏడ్చింది. మెట్ల మీద బుచ్చమ్మ ఖాళీ గ్లాసు కోసం వచ్చి నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో.

ఆ నెల మొదట్లో కొట్టంలో ఒక దూడ చచ్చిపోయింది. పుట్టి పది రోజులు. తల్లి గేదె పాలు బిగబట్టేసింది. పొదుగు రాయిలా గట్టిపడింది. ఎల్లయ్య చన్నులు లాగితే ఒంటికాలు ఎత్తి తన్నింది. మూడో రోజు పొద్దున రాహేలు డ్యూటీ నుంచి వచ్చేసరికి గేదె ముందు ఏదో నిలబెట్టి ఉంది. నాలుగు వెదురుకర్రల మీద దూడ తోలు. లోపల గడ్డి కుక్కి, పొట్ట కింద సుతిలి తాడుతో కుట్టారు. తల లేదు. మెడ దగ్గర గోనెముక్కతో మూట కట్టారు. పైన దొడ్డుప్పు, తవుడు రుద్దారు. గేదె కళ్లు మూసుకుని దాన్ని నాకుతోంది. గరగరమని. నాకిన చోట వెంట్రుకలు ఊడి తోలు ఉబ్బి తెల్లగా కనిపిస్తోంది. ఈగలు లేచి మళ్లీ అక్కడే వాలుతున్నాయి. గేదె పాలు వదిలింది. ఎల్లయ్య బకెట్లో ధారలు జుయ్‌జుయ్‌మంటున్నాయి.

రాహేలు మోరీ దగ్గర వంగి కక్కుకుంది. రాత్రంతా ఏమీ తినలేదు కాబట్టి పసరు తప్ప ఏమీ రాలేదు.

బుచ్చమ్మ వీపు నిమిరింది. "ఏంది బిడ్డా, దవాఖానల నెత్తురు జూస్తవు, గీ గడ్డికి కక్కుతవా?"

"దానికి ఇంజక్షన్ చెయ్యొచ్చు కదా ఆంటీ."

"సూదేస్తె పాలొస్తయి గని బర్రె ఖరాబైతది. గిదే మంచిగ. దానికి మొఖం అక్కర్లేదు బిడ్డా. వాసనుంటె సాలు." బుచ్చమ్మ పెదాలు నాక్కుంది. ఆమె పెదాలు ఎప్పుడూ పగిలి, మూలల్లో ఉప్పు పేరినట్టు తెల్లగా ఉండేవి. "నువ్వు గూడ తింటలేవు. ఇల్లు యాదికొస్తున్నదా?"

రాహేలు తలూపింది.

"ఏడ్వకు. ఇంట్ల ఒకరు ఏడిస్తె బర్రెలు ఎండుతయి. మీ అమ్మ అడ్రసు రాసియ్యి. నెయ్యి పంపుత. నీ మాసిన బట్టలు గూడ కిందెయ్యి, నేనే ఉతుకుత."

ఇంతకాలానికి ఎవరో ఒక మంచి మాట అన్నారు. రాహేలు అడ్రసు రాసిచ్చింది. బట్టలూ ఇచ్చింది, పసుపు చున్నీతో సహా.

వారం తిరక్కుండా దిండు గలీబు ఖాళీగా కనిపించింది. చీర లేదు. రాహేలు పెట్టె బోర్లించింది, మంచం కింద వెతికింది. అడగడానికి దిగబోయి మెట్ల దగ్గరే ఆగింది. రాత్రి రెండు కాన్పులు, ఒక చావు చూసి వచ్చింది. లేచాక అడుగుదాంలే అని పట్టా దించి పడుకుంది.

ఎప్పుడో మధ్యాహ్నం సగం మెలకువ వచ్చింది.

గదిలో నీలం చీకటి. గోడ అవతల సింహం ఒకసారి దగ్గినట్టు గర్జించింది. వీపు వెనకాల... ఎండుచేపలు. కొబ్బరినూనె. పొయ్యిపొగ.

కలే అనుకుంది. కలైనా చాలు. కళ్లు తెరవకుండా అటు తిరిగి ముఖం దూర్చింది. మెత్తగా తగిలింది. వెచ్చగా తగిలింది. చిన్నపిల్లలా నోరు తెరిచి అలాగే నిద్రపోయింది. తొమ్మిది గంటలు.

తర్వాత అన్ని రోజులూ అలాగే. పట్టా దించేది, అటు తిరిగేది, పడుకునేది. పక్కనున్నదేమిటో చూడాలని ఒక్కసారీ అనిపించలేదు. ఆకలి పుట్టింది. బుచ్చమ్మ పెట్టిన అన్నం గిన్నె గిన్నెంతా తింది. పాలు తాగింది. వెంట్రుకను వేలితో తీసి పక్కన పెట్టి మరీ తాగింది. బుగ్గలు వచ్చాయి. ఆసుపత్రిలో తోటి నర్సు హరిచందన నవ్వింది. "ఏమే, మీ ఓనరమ్మ నిన్ను గూడ పాలకు మేపుతుందా?" రాహేలూ నవ్వింది. ఇల్లు గుర్తు రాలేదు. గుర్తు రావడం లేదన్న సంగతి కూడా గుర్తు రాలేదు.

ఇరవై ఏడో తేదీ మధ్యాహ్నం ఫోను మోగింది. అమ్మ కాదు. రేపటి రైలు గురించి మెసేజ్.

రాహేలు కళ్లు మూసుకునే ఆలోచించింది. అమ్మ ఫోను చేసి ఎన్నాళ్లయింది? వారమా? పదకొండు రోజులు. ఒక్కరోజు తప్పని మనిషి. తనూ చెయ్యలేదు.

నోరు ఎండిపోయి ఉంది. నాలుక మీద ఏదో అంటుకుంది. వేలు పెట్టి తీసింది. వెంట్రుక. పొట్టిది, బిరుసుది. ఇంకొకటి. పంటి సందులో ఇంకొకటి. గొంతులో గుచ్చుకున్నది గడ్డిపరక. ఉప్పు. నోరంతా ఉప్పు. నాలుక వాచి మొద్దుబారింది, గరుకుగా ఉంది, తనది కానట్టు.

చెవి వెనక ఏదో పాకింది. గిల్లితే వేళ్ల మధ్య పగిలింది. పిడుదు. రక్తం తాగి ఉబ్బిన పిడుదు.

వాసన ఇంకా పక్కనే ఉంది.

రాహేలు అటు చూడలేదు. మెల్లగా చెయ్యి చాచి పట్టా లాగింది. ఎండ వచ్చి పడింది.

అప్పుడు చూసింది.

అమ్మ చీర. కుచ్చిళ్లు పెట్టి, పమిట వేసి, అమ్మ కట్టుకున్నట్టే కట్టి ఉంది. చీర లోపల తోలు. తోలు నిండా గడ్డి. పక్కటెముకల చోట సుతిలి కుట్లు. చేతుల్లేవు, కాళ్ల చోట వెదురుకర్రలు. మెడ పైన ఏమీ లేదు, గోనెమూట అంతే. భుజం దగ్గర మాత్రం పమిట పక్కకు జరిగింది. అక్కడ వెంట్రుకలన్నీ ఊడిపోయి తోలు తెల్లగా, తడిగా, ఉబ్బి ఉంది. నాకి... నాకి... నాకి.

రాహేలు చేత్తో నోరు మూసుకుంది. ఆ తడి ఆమెదే.

వేళ్ల చివర్లు దాని పొట్టకు తగిలాయి. నర్సు చెయ్యి కదా, అదంతటదే కొలిచింది. వెచ్చన. మనిషి ఒంటి వెచ్చన.

మెట్లు ఎలా దిగిందో తెలియదు. బుచ్చమ్మ తన గదిలో మంచం మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. గదిలో వెలుతురు లేదు.

"ఏం చేశారు ఆంటీ నాకు?"

"ఏం జేసిన? నిద్ర పట్టిందా లేదా?"

"అది ఎవరి తోలు?"

"సచ్చిన ఇంకో దుడ్డెది. పాలకొట్టంల తోళ్లకు కరువా? మీ అమ్మ చీర కట్టిన, ఉప్పు రాసిన. గంతే."

"వెచ్చగా ఉంది."

అడకత్తెర ఆగింది. "మొదట్ల ఉండది బిడ్డా. నువ్వు నాకంగ నాకంగ అయితది."

రాహేలు గడప పట్టుకుని కక్కుకుంది. తెల్లటి పాలు, నల్లటి వెంట్రుకలు. బుచ్చమ్మ ముఖం తిప్పుకోలేదు.

"నేను పోతున్నా. రేపు మా ఇంటికి పోతున్నా."

"ఏ ఇంటికి?" బుచ్చమ్మ మామూలుగానే అడిగింది. "నన్ను పన్నెండేండ్లకు పాలమూరు దిక్కునుంచి తోలుకొచ్చిన్రు. మూడు నెలలు ముద్ద ముట్టలే. మా అత్త మంచిది. నలభై ఏండ్లాయె. ఒక్కదినం గూడ ఇల్లు యాదికి రాలే."

ఆమె వీపు వెనక గోడకు ఆనించి ఏదో ఉంది. బొంత కప్పి ఉంది. పొట్టిగా, భుజాల దగ్గరే ఆగిపోయి. బొంత ఒక మూల తడిసి మెరుస్తోంది. బుచ్చమ్మ అటు చూడకుండానే చెయ్యి వెనక్కి పెట్టి దాన్ని నిమిరింది, పక్కన పడుకున్న పిల్లను నిమిరినట్టు.

"మీ అమ్మ గూడ పాపం. ఫోన్ల ఒకటే ఏడుపు. తల్లికైనా గంతే గద? నెయ్యి డబ్బతోని గా మూట గూడ పార్సిలేసిన."

"ఏం మూట?"

"నీ పసుప్పచ్చ చున్నీ ఏడ వోయిందని ఒక్కసారన్న అడిగినవా?"

రాహేలు ఫోను తీసింది. వీడియో కాల్ నొక్కింది. మోగింది. చాలాసేపు మోగింది. అమ్మ ఎత్తింది.

ఊళ్లో ఇల్లే. అదే తాటాకుల కప్పు, అదే గూట్లో ఏసు పటం. అమ్మ ముఖం నిండుగా ఉంది, నూనె రాసి దువ్వుకుంది. పెదాలు మాత్రం పగిలి, మూలల్లో తెల్లగా ఉన్నాయి. జుట్టులో గడ్డిపరక.

"అమ్మా."

అమ్మ ఫోనును దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది. "ఎవులమ్మా నువ్వు?"

"నేనే అమ్మా. రాహేలుని. రేపు వస్తున్నానమ్మా."

అమ్మ నవ్వింది. మర్యాదగా, తెలియని వాళ్లతో నవ్వినట్టు. తర్వాత పక్కకు తిరిగింది. ఆ పక్కన చాప మీద పసుపు చున్నీ అంచు కనిపిస్తోంది. అంచు మెల్లగా లేస్తోంది, దిగుతోంది.

"ఒలే రాహేలూ," అంది అమ్మ దానితో, గొంతు తగ్గించి, గోముగా. "ఎవులో పిల్లే. నీ పేరు సెప్తంది. పాపం, ఏడస్తంది." ఒక్క క్షణం ఆగి, ఏదో జవాబు విన్నట్టు తలూపింది. "సరేలే. ఫోను పెట్టీస్తాను."

అమ్మ అటు వంగింది. నాలుక బయటికి వచ్చింది. గరగరమన్న చప్పుడు ఒకటి వినిపించింది.

ఫోను ఆగిపోయింది.

రాహేలు వాకిట్లో నిలబడింది. టికెట్టు ఫోనులో అలాగే ఉంది. రేపు, సాయంత్రం. కొట్టంలో ఎల్లయ్య పాలు పిండటం మొదలుపెట్టాడు. గేదె కళ్లు మూసుకుని నాకుతోంది. గల్లీ కంపంతా ఎప్పటిలాగే ఉంది. ఆ కంపులోంచి ఒక పోగు విడివడి, మెట్ల మీదుగా దిగి వచ్చింది. ఎండుచేపలు. కొబ్బరినూనె.

ఆమెకు అసహ్యం వేసింది. ఒళ్లంతా జలదరించింది. ఆ జలదరింపులోనే నోట్లో నీళ్లూరాయి. ఉమ్మేసింది. మళ్లీ ఊరాయి.

"పో బిడ్డా, పండుకో," అంది బుచ్చమ్మ లోపల్నుంచి. "డ్యూటీకి ఇంక మస్తు టైముంది."

పైన గదిలో ఎవరూ లేరు. చేతులున్న వాళ్లెవరూ లేరు.

పట్. పట్...

రాహేలు ఊపిరి బిగబట్టి, ఆ మూడో దెబ్బ పడేదాకా ఆగింది.