స్టార్ కట్టిన తీగ

రౌటర్ మీద ఎర్ర లైటు ఆగకుండా మిణుకుమంటోంది.

దీవెన దాని స్విచ్ ఆపింది. పది లెక్కపెట్టి మళ్లీ వేసింది. పచ్చ లైట్లు ఒక్కొక్కటే వెలిగాయి. హమ్మయ్య అనుకునేలోపే ఎర్ర లైటు మళ్లీ మొదలుపెట్టింది.

"ఈరోజే పాడవ్వాల్నా ఇది?" అంది దీవెన.

గడియారం రెండుంబావు చూపిస్తోంది. నాలుగు గంటలకు దీవెనకు ఇంటర్వ్యూ ఉంది. గుంటూరులో పెద్ద ఆసుపత్రి, నర్సు ఉద్యోగం. వీడియోలో మాట్లాడాలి. ఈ పిలుపు కోసం ఆమె ఎనిమిది నెలలు ఎదురు చూసింది.

వాళ్ల ఊళ్లో ఫోన్ సిగ్నల్ చర్చి మెట్ల మీద తప్ప ఎక్కడా దొరకదు. అక్కడ కూడా మాట వినిపిస్తుంది గాని వీడియో రాదు. అందుకే నాయన జయపాల్ పోయిన వారమే ఇంటికి నెట్ పెట్టించి, మేస్త్రీ పనికి మార్కాపురం వెళ్లాడు.

"నేను దాని మీద గుడ్డ కప్పినందుకు కాదు గదా?" అంది అమ్మ సుశీలమ్మ. రౌటర్ మీద దుమ్ము పడుతుందని ఆమె తన చేత్తో అల్లిన గుడ్డ కప్పింది. దీవెన రెండుసార్లు తీసేసినా మళ్లీ కప్పింది.

"గుడ్డకు ఎర్ర లైటు రాదమ్మా. ఉండు, రమణన్నకు ఫోన్ చేసొస్తా."

దీవెన చర్చి మెట్ల దగ్గరికి పరుగెత్తింది. రమణ యర్రగొండపాలెంలో ఉంటాడు. వాళ్లింటికి నెట్ పెట్టింది అతనే.

చెల్లెలు ఫెబీ మంచం మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. ఐదో తరగతి. రెండో శనివారం కాబట్టి బడి లేదు. అక్క ఏడుపు ముఖం చూస్తే ఆమెకూ దిగులుగానే ఉంది.

దీవెన రొప్పుతూ వచ్చింది. "ఎర్ర లైటంటే బయటి తీగలో ఏందో అయిందంట. లోపల వెంట్రుకంత గాజు దారం ఉంటదంట. గట్టిగా మడిచినా విరుగుతదంట, ఏదన్నా కొరికినా విరుగుతదంట. అన్న బయల్దేరినాడు."

ఫెబీ చేతిలో పెన్సిల్ ఆగిపోయింది.

మడిచినా విరుగుతుందట!

క్రిస్మస్ దగ్గరికొచ్చింది. వీధిలో అందరి ఇళ్ల మీదా స్టార్లు వెలుగుతున్నాయి. ఫెబీ వాళ్ల ఎర్ర కాగితం స్టార్ మాత్రం పెట్టెలోనే ఉంది. "నేనొచ్చి వెదురు కర్ర నాటి కడతా, ఆదివారం దాకా ఆగు" అని నాయన చెప్పాడు. ఆగితే ఫెబీ ఎందుకవుతుంది? ఈ మధ్యాహ్నం అమ్మ దుకాణానికి వెళ్లింది. అక్క పెరట్లో తలంటుకుంటోంది. ఫెబీ స్టూలు వేసుకుని గుమ్మం పక్కన గోడెక్కింది. కరెంటు స్తంభం నుంచి ఇంట్లోకి సన్నటి నల్ల తీగ వస్తోంది. స్టార్ కట్టడానికి అంతకంటే మంచి చోటేముంది అనుకుంది. స్టార్ జారిపోకుండా ఆ తీగను లాగి, సన్‌షేడ్ కింది మేకుకు మూడు చుట్లు బిగించింది. స్టార్ ఎంత ముద్దుగా వేలాడిందో! రౌటర్ గొడవలో పడి అమ్మా, అక్కా ఇంకా దాన్ని చూడనే లేదు.

ఫెబీ పెన్సిల్ పక్కన పెట్టి లేచింది.

నీళ్లు తాగొస్తానని బయటికి వెళ్లింది. గబగబా చుట్లు విప్పింది. తీగను వేళ్లతో సాపు చేసింది. స్టార్ మడిచి మంచం కిందికి తోసేసింది. ఇక లైటు పచ్చగా మారుతుందని రౌటర్ వైపు చూస్తూ కూర్చుంది.

ఎర్ర లైటు మారలేదు.

"కొరికినా విరుగుతదంటే..." అని అమ్మ ఆలోచించింది. ఆమె చూపు కిటికీలోంచి పక్కింటి వైపు వెళ్లింది. అక్కడ నాగమల్లేశ్వరి మేకపిల్లలు రెండు గోడ మీదికి ఎగురుతున్నాయి. అంతే! సుశీలమ్మ కొంగు బిగించుకుని వీధిలోకి వెళ్లింది.

"మల్లేశ్వరీ! నీ మేకలు మా తీగ కొరికినాయి!"

"ఏ తీగ వదినా? పెద్దవి పొద్దున్నే మా ఆయనతో అడివికి పోయినాయి. ఇంటికాడ ఉండేది ఈ రెండు పిల్లలే. వీటికి పండ్లే సరిగ్గా రాలేదు."

"నీ మేకలు తినని వస్తువు ఉందా ఈ వీధిలో? ఆఖరికి నా బిడ్డ ఉద్యోగం కూడా తినేసినాయి!"

కుళాయి దగ్గర బిందెలు పట్టుకున్న ఆడవాళ్లంతా ఇటు తిరిగారు. మల్లేశ్వరి ముఖం మాడిపోయింది. మేకపిల్లల్ని రెండింటినీ పట్టుకుని, మూరెడు తాడుతో గుంజకు కట్టేసింది. అవి మే మే అని అరవసాగాయి. రోజూ సాయంత్రం ఫెబీ చేతిలో అరటి తొక్కలు తినేవి అవే.

అమ్మ లోపలికొచ్చి కూతుళ్లిద్దర్నీ మోకాళ్ల మీద కూర్చోబెట్టింది. "ప్రభువా, ఆ తీగ బాగు చేయించు. నా బిడ్డ కష్టం చూడు" అని ప్రార్థన చేసింది. దీవెన ఆమెన్ అంది. ఫెబీకి ఆ మాట నోట్లోంచి రాలేదు.

రమణ వచ్చేసరికి మూడుంబావు దాటింది.

"మేకలు కొరికినాయి నాయనా" అంది సుశీలమ్మ.

దాంతో రమణ మల్లేశ్వరి దొడ్డి వెనకాల నుంచి మొదలుపెట్టాడు. తీగ అటు నుంచే వస్తుంది. వేప కొమ్మల్లోంచి, ఒక్కో జానా చేత్తో తడుముతూ వెతుకుతున్నాడు. మూడున్నర అయింది. ఇస్త్రీ చీర కట్టుకున్న దీవెన గుమ్మంలో నిలబడి గోళ్లు కొరుక్కుంటోంది. పంటి గాటు ఎక్కడా కనపడలేదు. రమణ చెమట తుడుచుకుని స్తంభానికి నిచ్చెన వేశాడు.

'అక్కడ కాదు, అక్కడ కాదు' అని ఫెబీ లోపల్లోపల అరుస్తోంది. చెబితే అమ్మ వీపు చీరేస్తుంది. చెప్పకపోతే అక్క ఉద్యోగం పోతుంది. ఆమె అక్క ముఖం చూసింది. కాటుక కన్నీళ్లతో చెదిరింది.

ఫెబీ నిచ్చెన దగ్గరికి పరుగెత్తింది.

"అన్నా," అని రహస్యంగా పిలిచింది, "మా గుమ్మం కాడ చూడు. మేకు దగ్గర. స్టార్ కట్టేదానికి నేను తీగను చుట్టినా."

రమణ పైనుంచి ఒక్క క్షణం ఆమెను చూశాడు. గబగబా దిగి వచ్చాడు. మేకు దగ్గర తీగను తడిమి, ఆ ముక్క కత్తిరించి పారేశాడు. చిన్న మిషన్‌లో రెండు కొసలూ పెట్టి అతికించాడు.

నాలుగుకు ఐదు నిమిషాలుండగా రౌటర్ మీద ఎర్ర లైటు ఆరిపోయింది. పచ్చ లైటు కదలకుండా నిలబడింది.

"తీగ మడత పడిందమ్మా, అంతే" అన్నాడు రమణ బయట సామాను సర్దుకుంటూ.

"ఆ మేకలే గోడెక్కి లాగి ఉంటాయి" అంది సుశీలమ్మ.

రమణ ఫెబీ వైపు చూశాడు. ఫెబీ తల దించుకుంది. "ఈ తీగకు ఏమీ వేలాడదీయగూడదు పాపా. నెట్ పెట్టిన రోజే చెప్పాల్సింది, నేను చెప్పలేదు" అని మెల్లగా అన్నాడు. బండి ఎక్కి వెళ్లిపోయాడు.

ఇక ఎవరికీ తెలియదు. ఫెబీ బతికిపోయింది.

లోపల దీవెన మాట్లాడుతోంది. చప్పుడు చేయొద్దని అమ్మ వేలు చూపించింది. ఫెబీ బయట గోడ పక్కన కూర్చుంది. తాడు మెడకు బిగుసుకుంటున్నా మేకపిల్లలు ఆమె వైపే లాగుతున్నాయి. మల్లేశ్వరి అరుగు మీద అటు తిరిగి కూర్చుంది. కుళాయి దగ్గర ఎవరో ఏదో అన్నారు, ఇద్దరు నవ్వారు. మల్లేశ్వరి లేచి లోపలికి వెళ్లిపోయింది. ఫెబీకి ఏడుపొచ్చింది. బతికిపోయానన్న సంతోషం కాస్తా పోయింది.

అరగంటకు దీవెన నవ్వుతూ బయటికొచ్చింది. "బాగానే చెప్పినా అమ్మా! సోమవారం ఏ సంగతో చెప్తామన్నారు."

సుశీలమ్మ బిడ్డను కావలించుకుంది. ఫెబీ లోపలికెళ్లి, మంచం కింది నుంచి నలిగిన స్టార్ తీసింది. వీధిలోకి నడిచింది. నేరుగా కుళాయి దగ్గరికి వెళ్లి నిలబడింది.

"మల్లేశ్వరత్త మేకలు తీగ కొరకలేదు!" అని అరిచింది. "నేనే స్టార్ కడదామని మేకుకు చుట్టినా. భయపడి దాచిపెట్టినా. అత్తను మా అమ్మ అట్ల అంటాంటే చూస్తా ఊరుకున్నా!"

బిందె నిండి నీళ్లు పొర్లుతున్నా ఎవరూ కుళాయి కట్టేయలేదు.

సుశీలమ్మ గుమ్మంలోకి వచ్చింది. కూతుర్నీ, దాని చేతిలో స్టార్‌నూ చూసింది. కోపంతో చెయ్యి లేచింది గాని, అది సగంలోనే ఆగింది. పక్కింటి గుమ్మంలో మల్లేశ్వరి నిలబడి ఉంది. సుశీలమ్మ ఆమె వైపు చూడలేకపోయింది.

అప్పుడే వీధి చివర మేకల గంటలు వినిపించాయి. మల్లేశ్వరి భర్త ఆదిశేషు మందను తోలుకొస్తున్నాడు.

మల్లేశ్వరి మెట్లు దిగి వచ్చింది. కళ్లు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "ఇంకొకసారి చెప్పు పాపా. మా ఆయన వినలేదు."

ఫెబీ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. మళ్లీ మొత్తం చెప్పింది. ఈసారి వీధి చివరి దాకా వినపడేట్టు చెప్పింది.

సుశీలమ్మ నెమ్మదిగా గుమ్మం దిగింది. "తప్పు నాది కూడా మల్లేశ్వరీ" అంటూ గుంజ దగ్గరికి నడిచింది. వంగి, తన చేత్తోనే ఆ తాడు విప్పింది.