రాజుగారి పిల్లలు మెచ్చని కథ

కుంతలగిరి రాజు రణధీరుడికి ధైర్యం పేరులో మాత్రమే ఉండేది. చిన్నతనంలో తల్లి చదివి వినిపించిన 'నీలాశ్వపు రౌతు' కథంటే ఆయనకు మహా ఇష్టం. తనకు నచ్చింది గనుక తన పిల్లలకూ నచ్చి తీరాలని నిర్ణయించాడు. రాజులకు ఇలాంటి ఆలోచనలే తోస్తాయి.

రోజూ సాయంత్రం ఆస్థాన పండితుడు ఆ కథ చదివేవాడు. కూతురు కేతకి, కొడుకు వసంతుడు చేతులు కట్టుకుని నిలబడి, ప్రతి ఘట్టానికీ "భేష్" అనాలి. ఒకనాడు ఆకాశమార్గాన పోతున్న గంధర్వుడొకడు ఆ నీరసపు భేషులు విని అసహ్యించుకున్నాడు. "మనసులో లేని మాట పలికించే ఇంట్లో పిల్లలకు గొంతులెందుకు?" అని, వారి గొంతులను ఒక భరిణెలో బంధించి కాకులకొండ రాక్షసికి ఇచ్చిపోయాడు. తప్పు తండ్రిది, శిక్ష పిల్లలకు. గంధర్వుల న్యాయమూ అంతంతమాత్రమే.

సరిగ్గా అప్పుడే సేనాపతికి కడుపునొప్పి వచ్చింది, మంత్రికి నడుం పట్టేసింది. చేసేది లేక ఆ భరిణె కోసం రాజే కాకులకొండకు బయలుదేరాడు. పిల్లలంటే ఆయనకు ప్రాణం, అది మాత్రం ఒప్పుకోవాలి.

అడవిలో ఎలుగుబంటి అడ్డుపడింది. "కథ చెప్పు, వదిలేస్తాను" అంది. రాజు రౌతు కథలోని నీతులన్నీ వరుసగా అప్పజెప్పాడు. సగంలోనే ఎలుగుబంటి గుర్రు పెట్టింది. తన వాక్చాతుర్యానికి అది మైమరచిందనుకుని మహారాజు మీసం దువ్వుకుంటూ ముందుకు సాగాడు.

నది ఒడ్డున తెప్ప మీద ఒక ముని కూర్చుని ఉన్నాడు. "నిన్ను దాటిస్తాను గాని, చిన్నప్పుడు రౌతు కథ వింటూ నువ్వెక్కడ భయపడ్డావు?" అని అడిగాడు.

"రాజులకు భయమేమిటి, స్వామీ?"

"అయితే ఈదుకుంటూ పో."

నడినీట మొసలి వెంటపడింది. "గుర్రం సుడిగుండంలో పడినప్పుడు భయపడ్డాను స్వామీ, ఏడ్చాను కూడా" అని రాజు కేకపెట్టాడు. మొసలి వెనుదిరిగింది. నిజం చెప్పడానికి కొందరికి మొసలే కావాలి.

కాకులకొండ మీద రాక్షసి ఆయన్ను చూసి పడీపడీ నవ్వింది. "ఇదిగో భరిణె, తీసుకుపో. పిల్లల పక్కన కూర్చుని కథ నువ్వే చెప్పు, భయపడ్డ చోటుతో సహా. మూత దానంతటదే తెరుచుకుంటుంది. కాని వాళ్లేమన్నా నీకు కోపం రాకూడదు. వచ్చిందంటే మూత బిగుసుకుపోతుంది, ఇక ఎన్నటికీ తెరుచుకోదు. కోపం ఆపుకోవడం నీవల్ల కాదులే. అప్పుడు ఆ గొంతులు నావే."

రాజు ఇల్లు చేరి, పిల్లల మధ్య నేలమీద చతికిలబడ్డాడు. తడబడుతూనే కథ చెప్పాడు. సుడిగుండం దగ్గర తాను భయపడి ఏడ్చిన సంగతీ దాచలేదు. భరిణె మూత మెల్లగా పైకి లేచింది.

ముందుగా కేతకి నోరు విప్పింది. "నాన్నగారూ, ఈ రౌతంటే నాకు ఒళ్లుమంట. అందరి మీదా అరుస్తాడు. ఎవరి మాటా వినడు."

రాజు ముఖం కందగడ్డ అయింది. మూత వణికింది. బిడ్డ గొంతు మళ్లీ పోతుందన్న భయం ముందు ఆ కోపం చల్లారింది. కూతురి ముఖంలోకి చూశాడు. "నిజమే తల్లీ, వినడు" అన్నాడు.

మూత ఊడి దూరంగా దొర్లిపోయింది.

"అయితే వాణ్ణి వదిలేసి గుర్రం సంగతి చెప్పండి" అన్నాడు వసంతుడు.

రాజు చెప్పాడు, వాళ్లు అడ్డుతగిలినప్పుడల్లా ఆగి వింటూ. అప్పటి నుంచి ఆయన ఏలుబడి కాస్త భరించదగ్గదిగా మారిందని ప్రజలు చెప్పుకున్నారు.