మూడో పొర

మనిషి రాతలోంచి మనిషిని పూర్తిగా తీసేశాక ఇంకా మిగిలేది ఏమిటి? తొమ్మిది రోజులుగా పైడితల్లి తనను తాను అడుగుతున్న ప్రశ్న ఇదే.

అది 2079వ సంవత్సరం. కొత్తరేవు ప్రజలు తాగే దాదాపు ప్రతి చుక్కా సముద్రం నుంచే వస్తుంది. ఊరి చివరి శుద్ధికేంద్రంలో ఉప్పునీటిని సన్నని పొరల గుండా నెట్టి మంచినీళ్లు చేస్తారు. ఆ కేంద్రం ప్రయోగశాలలో ఆరేళ్లు శ్రమించి పైడితల్లి నిర్మించిన పరికరం పేరు నీడతెర. పాత గోప్యతా సాధనాలు పేరునూ చిరునామానూ దాచేవి. రాసే తీరు మనిషిని పట్టిచ్చేది. నీడతెర మాటల పొందికను, కీబోర్డు మీద వేళ్ల లయను, రాసిన వేళను, చివరికి అలవాటైన తప్పులను కూడా చెరిపి, విషయాన్ని మాత్రమే టీ గదిలోని గోడతెరకు పంపుతుంది. సిబ్బంది భయపడకుండా లోపాలు చెప్పాలని దాన్ని పెట్టారు.

మొదట్లో క్యాంటీన్ పప్పు మీద ఫిర్యాదులు వచ్చాయి. తరవాత ఒకరోజు ఇది వచ్చింది: మూడో పొర చిరిగింది, కడిగే రసాయనం తాగునీటిలో కలుస్తోంది. సాయంత్రానికల్లా రాసినవాణ్ణి పట్టుకుని పనిలోంచి తీసేశారు.

"మళ్లీ వెతుకు," అంది పైడితల్లి మణికట్టుకు కట్టుకున్న నీడతెరతో.

"నలభై ఒకటోసారి వెతికాను. రాసినవారి జాడ ఎక్కడా మిగల్లేదు," అంది నీడతెర.

"మరి ఎలా దొరికాడు?"

"ఆ సమాచారం నా దగ్గర లేదు."

"నీ దగ్గర ఎప్పుడూ ఉండదు."

పదో రోజు ఉదయం ఆమె, ఆ ఫిర్యాదు రాసి పని పోగొట్టుకున్న ఫిట్టర్ గౌరునాయుడి ఇంటికే వెళ్లింది. అతను అరుగు మీద కూర్చుని పాత పంపు విప్పుతున్నాడు.

"రండి మేడమ్. మీ యంత్రం నన్ను బాగానే దాసింది. నానే దాక్కోలేకపోనాను."

"ఎవరికైనా చెప్పారా, నాయుడుగారూ?"

"మా ఇంటిదానిక్కూడా సెప్పలేదండి. ఫిర్యాదు పడిందంటే టీకాడ ఎవుడు రాసినాడో అని పందెం ఏసుకుంటాం గదా. అప్పలసూరి రాసినాడంటాం, ఆడు ఒట్లేసుకుంటాడు, అదో ఆట. పతీసారీ ఆట ఎత్తుకునీది నానే. ఆ రోజు నా నోరు పెగల్లేదు. టీ తాగి, కప్పు కడిగి, ఎలిపోనాను. సూపర్నెంటు సూసి నవ్వినాడు. అంతే."

పైడితల్లికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మాటలన్నిటికీ ముసుగు వేసిన తాను మౌనాన్ని మరిచిపోయింది.

మణికట్టు మీది నీడతెర అంతా విన్నది. "దీన్ని సరిదిద్దవచ్చు. ఫిర్యాదు చేసినవారు ఎప్పుడు నవ్వాలో, ఎవరిని అనుమానించినట్టు నటించాలో ఇకపై చెవిలో చెబుతాను."

"అంటే నా సావాసగాళ్ల ముందు నాను నాటకం ఆడాలన్నమాట," అన్నాడు గౌరునాయుడు. పంపు పక్కన పెట్టి తలెత్తాడు. "ఇంతకీ మూడో పొర మార్చినారా మేడమ్?"

ఆమెకు తెలియదు.

"మీరైనా సూసినారా?"

చూడలేదు. సూపరింటెండెంటు అతని కోసం వెతికాడు. టీ గది అంతా అతని కోసమే వెతికింది. ఆమె కూడా నలభై ఒక్కసార్లు అతని జాడనే వెతికింది, నీళ్లను ఒక్కసారీ పరీక్షించలేదు. పేరు కనబడకపోతే మనసు విషయాన్ని చూస్తుందని ఆమె నమ్మకం. పేరు దాచిన చోట మనసుకు పేరు తప్ప మరేదీ పట్టలేదు.

"మీరు ఊళ్లో చెప్పలేకపోయారా?"

"సెప్పినానండి. ఉజ్జోగం పోయినోడి కడుపుమంటన్నారు. మేం వానతొట్టి నీళ్లే తాగుతున్నాం."

పైడితల్లి సంచిలోంచి, రసాయనం తగిలితే రంగు మారే పరీక్ష కాగితం తీసి వీధికుళాయి కింద పట్టింది. తెల్లని కాగితం నీలమైంది. వీధి అవతల ఎవరో బిందె పట్టుకుని వస్తున్నారు.

"ఆ నీళ్లు పట్టకండమ్మా," అని కేకవేసి, ఊరందరికీ చేరే సందేశం ఫోనులో రాసింది. మూడో పొర చిరిగింది, కుళాయి నీళ్లు తాగవద్దు, పరీక్షించింది నేనే. కింద ఇంటిపేరుతో సహా తన పేరు, హోదా, కాగితం ఫొటో.

"పేరు చెరపమంటారా?" అడిగింది నీడతెర.

ఆమె దాన్ని మణికట్టు నుంచి విప్పి, గౌరునాయుడి పంపు పక్కన పెట్టి, సందేశం పంపింది.