మూడు తాళాలు

"పన్నెండు స్కూళ్లలో మంచినీళ్ల ప్లాంట్లు పెట్టారు. ఇవాళ ఎన్ని నడుస్తున్నాయి?" అంది రిపోర్టు రాసే అమ్మాయి.

"ఆ గడి ఫారంలో లేదండీ," అన్నాడు ఇంజనీరు. పన్నెండూ అతను పెట్టించినవే.

"దాహం వేసేది ఫారానికి కాదు కదండీ!"

కంపెనీ చేసిన మంచిపనులు చెప్పే సీఎస్సార్ రిపోర్టు అది. ఏటా ప్రారంభోత్సవం ఫొటోలతో సరిపెట్టేవాళ్లు. ఈ ఏడు ఈమె వచ్చింది. మూడు వారాలుగా అతను ఏదో వంక పెట్టుకుని ఆమె టేబుల్ చుట్టూ తిరుగుతున్నాడు. ఇవాళ ఆమే పిలిచింది, ఇందుకు.

రెండు రోజులు వానలో, కంపెనీ జీపులో తిరిగారు. తొమ్మిది చోట్ల నీళ్లొచ్చాయి. మూడు చోట్ల ప్లాంటు గదికి తాళం.

"పాడైందా మేడమ్?" అని అడిగాడతను ఒక హెడ్‌మిస్ట్రెస్‌ని.

"అయ్యో, పాడవనిస్తామా నాయనా! మీ పెద్దవాళ్లు చూడ్డానికొస్తారని కవరు కూడా తీయలేదు."

మిగతా రెండు చోట్లా అదే మాట. పిల్లలు పాత కుళాయి దగ్గరే వరస కట్టారు.

తిరుగుదారి పట్టారు. వచ్చే నెల అతని ఉద్యోగం పర్మనెంటు కావాలి.

"తొమ్మిదనే రాస్తారా?" అన్నాడు.

"తొమ్మిదనే రాస్తాను. మీకు ముందే చెప్పాలనిపించింది."

"చాలా థాంక్సండీ!" విసురుగా జీపు దిగి, వానలోనే నడిచి వెళ్లిపోయాడు.

మూడు రోజులు ఆఫీసులో కనబడలేదు. అలిగాడనుకుందామె. నాలుగోరోజు వచ్చి ఒక కాగితం ఆమె ముందు పెట్టాడు.

'మూడు ప్లాంట్లు వాడలేదు. రోజూ వాడుకోవాలని ఆ స్కూళ్లకు నేను చెప్పలేదు. ఇప్పుడు వెళ్లి చెప్పి వచ్చాను. రెండింట్లో నీళ్లొస్తున్నాయి. మూడోదానికి కరెంటు కనెక్షన్ రావాలి.' కింద అతని సంతకం.

"నేను మీ పేరు ఎక్కడా రాయలేదండీ," అందామె మెల్లగా.

"రాయండి. లేకపోతే వచ్చే ఏడు ఎవర్ని పట్టుకుని అడుగుతారు?"

ఆ కాగితం ఉన్నదున్నట్టు రిపోర్టులోకి ఎక్కింది. డైరెక్టరు రెండుసార్లు చదివాడు. పేజీ తీసేయమనలేదు. ఇంజనీరు పర్మనెంటు మాత్రం ఆరునెలలు వెనక్కి జరిపాడు.

ఆ కబురు ఆమే మోసుకొచ్చింది. "ఆరునెలలు ఆగగలరా?"

"ఆగుతాను. తప్పేదేముంది?"

"ఉద్యోగం కోసం ఆగండి. నేను మాత్రం ఆగను." తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "ఆదివారం మా ఇంటికి రండి. నాన్నకి చెప్పేశాను."