ఎగువరేవులో మాటల టీ

తలుపు తెరిచిన ముసలాయన ముందు సూయున్ తన మణికట్టు చాపింది. కంకణం మీద వెలిగిన వాక్యాన్ని ఆయన చదవనైనా చదవకుండా బొటనవేలు ఆనించాడు.

"నేను అనుకున్నదే కదమ్మా?"

"మీరు అనుకున్నదే, తాతా."

"అయితే సరే" అని తలుపేసుకున్నాడు.

సూయున్ ఎగువరేవు పేటకు సమ్మతిసాక్షి. పేట మనసులో ఏముందో అభీష్టగణని అనే యంత్రం రాత్రికి రాత్రే లెక్కగట్టి, పొద్దున్నే వీధి చివర ఇచ్ఛాపటమనే వెలుగుపలక మీద పెడుతుంది. ఆ లెక్క సరైనదేనని ఒక మనిషి సాయంత్రంలోగా సాక్ష్యం చెప్పాలని చట్టం. అందుకని సూయున్ ఇల్లిల్లూ తిరుగుతుంది. ఇన్నేళ్లలో లెక్క తప్పింది లేదు, ఆమె నడక ఆగింది లేదు.

చైనా సమాజానికి ప్రజాస్వామ్యం సరిపడుతుందా, సరిపడదా అని పండితులు తరాల తరబడి వాదించుకున్నారు. ఆ వాదన తేలకముందే గణని వచ్చింది. అడగకుండానే జనం మనసు తెలిసిపోతుంటే ఓట్లెందుకు, ఊరేగింపులెందుకు అన్నారు. సరిపడుతుందన్నవాళ్లూ సరిపడదన్నవాళ్లూ కూడా హమ్మయ్య అనుకుని ఇళ్లకు పోయారు. నిజానికి ఎవరికీ పెద్ద కష్టమేమీ కలగలేదు. ఫిర్యాదు చేయాలని తోచేలోపే మురుగు కాలువ బాగుపడేది, వీధి దీపం మారేది. సూయున్‌కు తన ఉద్యోగమంటే ఇష్టం. నది గాలి తగులుతూ తిరగడం, మధ్యాహ్నం రేవు దగ్గర పాంగ్ పిన్ని టీ అంగట్లో కాళ్లు చాపుకు కూర్చోవడం, ఆమెకు ఇంతకంటే ఏం కావాలి?

ఈరోజు మాత్రం ఆ అంగడి వైపు కాళ్లు సాగలేదు. ఇచ్ఛాపటం మీద పొద్దున వెలిగిన పేట కోరిక ఇది: పాంగ్ పిన్ని అంగడి తీసేసి, అక్కడ ఎండకు జనం సేదతీరే శీతలశాల కట్టాలి. సాయంత్రం సాక్ష్యం పడితే తెల్లారేసరికి కూల్చే యంత్రాలు వస్తాయి.

అయినా మధ్యాహ్నానికి వెళ్లి కూర్చుంది. పాంగ్ పిన్ని ఎప్పటిలాగే పొడుగాటి కొమ్ము కెటిల్‌తో బారెడు దూరం నుంచి వేడినీళ్లు పోసింది. చుక్క కింద పడలేదు. ఆ అంగట్లో టీ గిన్నెలకు మూతలుంటాయి. ఇంకా కావాలంటే నోరు తెరిచి అడగక్కర్లేదు, మూత తిరగేసి పక్కన పెడితే చాలు.

"ఇంకెవరు మిగిలారే?" అంది పిన్ని.

"గువో మాస్టారొక్కరే, పిన్నీ."

అంగట్లో ఉన్నవాళ్లు నవ్వారు. గణనిని నిలబెట్టిన వాళ్లలో గువో మాస్టారూ ఒకడు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆయన విషయంలో గణని లెక్క ఇసుమంతైనా తేడా రాదని, కొత్త సాక్షులకు శిక్షణలో ఆయన్నే ఉదాహరణగా చూపిస్తారు.

"ఆయన్ని మాటల టీకి పిలిచానని చెప్పు" అంది పిన్ని.

నవ్వులు ఆగిపోయాయి. మాటల టీ తాతల నాటి ఆచారం. తగువు పడ్డ ఇద్దరూ అంగట్లో ఎదురెదురుగా కూర్చుని, టీ తాగేవాళ్లందరి ముందూ ఎవరి మాట వాళ్లు చెప్పుకోవాలి. విన్నవాళ్లు ఎవరిది తప్పంటే ఆ మనిషి అందరి టీ ఖర్చూ భరించాలి. పిలుపు అందీ రానివాడు మళ్లీ రేవులో తలెత్తుకు తిరగలేడు. గణని వచ్చాక ఎవరూ ఎవర్నీ పిలవలేదు.

సూయున్ వెళ్లి పిలుపు చెప్పగానే గువో మాస్టారు కర్ర టకటకలాడిస్తూ వచ్చాడు. మూల కూర్చున్న లూ అమ్మ లేచి ఆయనకు వెదురు కుర్చీ లాగి వేసింది.

"చూడు పాంగ్, నా మనసు మారదు. ఆ మాట నేను కాదు, గణనే చెప్పింది."

"మారమని ఎవరన్నారు? మీకేం కావాలో మీ నోటితో చెప్పండి, వింటాం."

ఆయన గొంతు సవరించుకున్నాడు. తనకేం కావాలో పైకి చెప్పి చాలా కాలమైంది కాబోలు, మాటలు వెంటనే దొరకలేదు.

"ఎండాకాలం మధ్యాహ్నాలు ఇంట్లో ఊపిరాడదు. మా మెట్ల కింద సైకిళ్ల మధ్య చాప వేసుకుని పడుకుంటాను. నేల చల్లగా ఉండేది ఆ ఒక్కచోటే. మా బ్లాకు ముసలాళ్లందరికీ అదే దిక్కు. ముందొచ్చినవాడిది చాప, వెనకొచ్చినవాడు పైమెట్టు మీద కూర్చుని ఎదురుచూడాలి."

పిన్ని చేతిలో కెటిల్ అలాగే ఆగింది.

"ఇంత దగ్గర్లో ఉన్నాను, నాకొక్కరూ చెప్పలేదే!"

"నీకెందుకు చెప్పాలి? గణనికి తెలుసుగా."

తర్వాత పిన్ని వంతు వచ్చింది.

"నా బతుకుతెరువు కోసం ఏడవను, మాస్టారూ. అదుగో లూ అమ్మ. వాళ్లాయన పోయాక నెల్లాళ్లు ఆ మూలే కూర్చుంది. ఎవరూ ఓదార్చలేదు, గిన్నె ఖాళీ కాకుండా చూశారంతే. మీ శీతలశాల చల్లగానే ఉంటుంది. కానీ ఎవరి పడక వాళ్లది, ఎవరి తెర వాళ్లది. అక్కడ పక్కవాడి టీ చల్లారిందని ఎవరు చూస్తారు?"

గువో మాస్టారు తను కూర్చున్న కుర్చీ వైపు చూసుకున్నాడు. లూ అమ్మ వైపు చూశాడు. నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే పిన్ని కూడా నోరు తెరిచింది.

"అంగడి ఉండాల్సిందే" అన్నాడాయన.

"అంగడి తీసేయండి" అంది ఆమె.

అంగడంతా గొల్లున నవ్వింది. మాస్టారికి కోపమొచ్చింది.

"నీకేమైనా మతి పోయిందా? ఉండనీయమంటుంటే!"

"మీరు సైకిళ్ల మధ్య పడుకుంటుంటే నేనిక్కడ టీ పోస్తూ కూర్చోనా? కూల్చేయండి!"

ఒకరి పక్షాన ఒకరు వాదించుకోవడం మొదలుపెట్టారు. రేవు గోదాములో శీతలశాల కట్టొచ్చు కదా అన్నారొకరు. గోదాము మాది, మమ్మల్నడగరా అన్నారింకొకరు. తప్పెవరిదో తేల్చాల్సినవాళ్లే తగువులోకి దిగారు. సూయున్ పొట్ట పట్టుకుని నవ్వింది. ఈ మనుషుల బొటనవేళ్లు ఆమెకు ఎప్పటినుంచో తెలుసు, గొంతులు ఇప్పుడే తెలుస్తున్నాయి. ఆమెకు చాలా సంతోషంగా ఉంది.

కంకణం వణికింది. *గువో, లెక్కకు అసంగతం. పాంగ్, లెక్కకు అసంగతం. నిర్ధారణా? కొలతలోపమా?*

సూయున్ నవ్వు ఆగిపోయింది. నిర్ధారణ అంటే పొద్దుటి కోరికే ఖాయమై యంత్రాలు వస్తాయి. కొలతలోపమంటే గణని ఈ మధ్యాహ్నాన్ని చెరిపేసి, రేపు మళ్లీ అదే కోరిక వెలిగిస్తుంది. ఏది చెప్పినా యంత్రాలు రావడం ఒక్కరోజు అటూ ఇటూ అంతే. ఎలా చెప్పినా ఇక్కడ ఎవరూ నోరు విప్పనట్టే లెక్క.

చట్టంలో ఈ రెండూ కాక సాక్షి సొంత మాటకూ చోటుంది, అది పడితే లెక్క ఆగాలి. ఎవరూ వాడక అది బూజు పట్టింది. అలా సొంతంగా మాట్లాడిన సాక్షిని ఉద్యోగంలో ఉంచుతారో లేదో కూడా ఎవరికీ తెలియదు. సూయున్‌కు రేపటి నడక, నది గాలి, నెల జీతం అన్నీ గుర్తొచ్చాయి. ఎదురుగా మాస్టారు కర్రతో నేల మీద గోదాము పటం గీసి చూపిస్తున్నాడు. పిన్ని దాన్ని చెప్పుతో చెరిపి, గుమ్మం ఎటుండాలో గీస్తోంది.

ఆమె కంకణాన్ని నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"సాక్షి సొంత మాట. ఇంకా మాట్లాడుకుంటున్నారు."

వీధి చివర ఇచ్ఛాపటం ఆరిపోయింది. ఆ పక్క వీధిదీ ఆరింది. తలుపులు తెరుచుకున్నాయి. పొద్దున చదవకుండా వేలు ఆనించిన ముసలాయన ఆయాసపడుతూ రేవుకు దిగి వచ్చాడు.

"అమ్మాయ్, పటం ఖాళీగా ఉందే! నేనేమనుకుంటున్నానో ఎలా తెలుస్తుంది?"

పాంగ్ పిన్ని ఆయనకో కుర్చీ జరిపింది. "కూర్చోండి తాతా. ఏమనుకుంటున్నారో మీరే చెప్పండి."

ఆయన వెనకే ఇంకా జనం వస్తున్నారు. అంగట్లో కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చుంటున్నారు. కంకణం మళ్లీ వణికింది. *ఎప్పటికి ముగుస్తుంది?*

సూయున్ తన గిన్నెలోకి చూసుకుంది. అడుగున తడిసిన ఆకులు తప్ప ఏమీ లేవు. ఆమె మూత తిరగేసి పక్కన పెట్టింది.