గోడమామ తలలో మేకు

మధ్యాహ్నం మూడున్నర. బుడ్డోడు గోడతో మాట్లాడుతున్నాడు.

సైకిలుకి తాళం వేసి వాడి వెనకాలే వచ్చిన అక్క గది గుమ్మంలోనే ఆగిపోయింది. భుజం మీది స్కూలు బ్యాగు దించడం కూడా మర్చిపోయింది.

"ఇంకా నొప్పిగా ఉందా మామా?" అంటున్నాడు వాడు, మంచం మీద మోకాళ్ళూని. కాసేపు గోడకి చెవి ఆనించి విన్నాడు. "ఊఁ... ఊఁ... సరేలే. చెప్తా."

"ఎవర్రా మామ?"

బుడ్డోడు తిరిగి చూశాడు. వాడికి ఐదేళ్ళు. అబద్ధం చెప్పడం ఇంకా సరిగ్గా చేతకాదు.

"గోడమామ. అదిగో, నిన్నే చూస్తున్నాడు."

అక్క చూసింది. పొద్దున స్కూలుకి వెళ్ళేటప్పుడు అక్కడ పసుపుపచ్చటి మరక మాత్రమే ఉంది. ఇప్పుడు ఆ మరకలో రెండు చోట్ల పెయింటు గుండ్రంగా ఉబ్బింది. రెండు కళ్ళు. వాటి కింద అడ్డంగా ఒక పగులు. నోరు. పైన తను అతికించిన బొమ్మ, టోపీ పెట్టినట్టుగా.

"ఏమంటున్నాడు మీ మామ?" నవ్వుతూ అడుగుదామనుకుంది. నవ్వు రాలేదు.

"తలలో మేకు ఉందట. ఎవరూ వచ్చి తియ్యట్లేదట."

ఆ మేకు సంగతి ఈ లోకంలో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి అక్కే.

* * *

అక్కకి పదకొండేళ్ళు. ఇంట్లో అందరూ పిలిచే పేరు హడావిడి. పాలు చల్లారేదాకా ఆగదు, లెక్క పూర్తిగా చదివేదాకా ఆగదు.

అమ్మ కుట్టుమిషన్లు బాగుచేసే షాపులో పనిచేస్తుంది. ఇంట్లో ఏది పాడైనా తనే చూసుకుంటుంది. కుళాయి కారితే వాషర్ మారుస్తుంది, తలుపు కిర్రుమంటే బందులకి నూనె వేస్తుంది. హడావిడికి కూడా ఆ పనులంటే చెప్పలేనంత ఇష్టం.

పన్నెండు రోజుల క్రితం తను గీసిన ఓడ బొమ్మకి ఫ్రేము కట్టించింది. గోడకి మేకు కొడతానంది.

"ఆదివారం ఇద్దరం కలిసి కొడదాం," అంది అమ్మ. "మేకు కొట్టేముందు గోడకి అవతల ఏముందో చూడాలి. కుళాయికి సూటిగా పైన కొట్టకూడదు, స్విచ్చికి సూటిగా పైన కొట్టకూడదు. లోపల ఏం దాక్కుని ఉంటాయో మనకి కనబడదు కదా."

ఆదివారం రావడానికి ఇంకా మూడు రోజులుంది. మూడు రోజులే!

ఆ సాయంత్రమే సుత్తి తీసింది. గోడకి అవతల స్నానాలగది ఉందని తెలుసు. వెళ్ళి చూస్తే కుళాయి ఎక్కడుందో కనబడేది. నాలుగడుగులు. వెళ్ళలేదు.

మూడు దెబ్బలకి మేకు మొరాయించింది. నాలుగో దెబ్బకి వెన్నలోకి దిగినట్టు సర్రున దిగిపోయింది. గోడలోంచి 'స్స్' మని చిన్న శబ్దం. మేకు పక్కనుంచి ఒక నీటి బొట్టు తొంగిచూసింది.

హడావిడి గబగబా మేకుని తలదాకా లోపలికి కొట్టేసింది. నీళ్ళు ఆగాయి. పైన తెల్లటి టూత్‌పేస్టు పూసి, వేలితో నున్నగా రుద్ది, బొమ్మని టేపుతో అతికించేసింది.

ఆదివారం అమ్మ అడిగింది. "అప్పుడే పెట్టేశావా? దేంతో?"

"టేపుతో అమ్మా."

అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

ఆ తర్వాత గోడ తన గొడవ మొదలుపెట్టింది. పక్కమీద పడుకుంటే చెవి దగ్గర 'టిక్... టిక్...' మనేది. దిండు చెమ్మవాసన కొట్టేది. మరక కనబడగానే హడావిడి దానికి అడ్డంగా దిండ్లు పేర్చింది. మర్నాటికి మరక దిండ్లని దాటి పైకొచ్చింది.

* * *

"బుడ్డోడా, మంచం దిగు. గోడతో మాట్లాడకు."

"పాపం అక్కా, మామకి చెమట పట్టేస్తోంది, చూడు."

నిజమే. గోడ తళతళలాడుతోంది. పగుల్లో ఒక బొట్టు ఊరింది. పెదవి చివరన వేలాడింది.

బయట మబ్బు కమ్మింది. గదిలో లైటు ఒకసారి ఆరి వెలిగింది. మళ్ళీ ఆరి వెలిగింది. గోడలో ఎక్కడో 'చిర్ర్' మంది, ఎవరో పళ్ళు కొరికినట్టు.

"ఫ్యాన్ వేస్తానుండు మామా," అంటూ బుడ్డోడు మంచం దిగి స్విచ్ బోర్డు వైపు నడిచాడు.

అప్పుడు చూసింది హడావిడి. ఆ నోటి మూలనుంచి సన్నటి నీటి చార కిందికి దిగుతోంది. వంకర్లు తిరుగుతూ, తీరిగ్గా స్విచ్ బోర్డులోకి దూరుతోంది.

బుడ్డోడి వేలు స్విచ్చికి జానెడు దూరంలో ఉంది.

"ముట్టుకోకు!"

చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. ఇద్దరూ నేలమీద పడ్డారు. వాణ్ణి హాల్లోకి ఈడ్చుకొచ్చి, వీధి తలుపు పక్కన ఉన్న మెయిన్ స్విచ్చి కిందికి దించేసింది.

ఫ్రిజ్ ఆగిపోయింది. గోడ గడియారం తప్ప ఇంట్లో ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దంలో గదిలోంచి స్పష్టంగా వినిపించింది. టిక్... టిక్... టిక్...

హడావిడి అమ్మకి ఫోను చేసింది. "అమ్మా, స్విచ్ బోర్డులోకి నీళ్ళు వస్తున్నాయి. మెయిన్ తీసేశాను. బుడ్డోడు స్విచ్చి ముట్టుకోబోతే లాగేశాను, నా దగ్గరే ఉన్నాడు."

"గదిలోకి వెళ్ళకండి. నేనొస్తున్నా," అంది అమ్మ.

మేకు మాట మాత్రం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

* * *

అరగంటలో అమ్మ వచ్చింది. వెంట మీసాల ప్లంబర్. ముందు నీళ్ళ వాల్వు కట్టేశాడు. తర్వాత టార్చి వెలుగులో గోడంతా తడిమాడు, వేళ్ళతో తట్టి చూశాడు. చూస్తున్నకొద్దీ ఆయన మొహం వాడిపోయింది.

"ఈ ఇంటి పైపులు నేను వేసినవేనమ్మా. ఎక్కడో జాయింటు వదిలేసింది. తప్పు నాదే."

"మీ పని అలా ఉండదే," అంది అమ్మ.

"నేనూ అలాగే అనుకున్నా. ముప్ఫై ఏళ్ళలో నా జాయింటు ఒక్కటి కారలేదు." ఆయన గొంతు చిన్నదైపోయింది. "ఏ జాయింటో తెలీదు కాబట్టి కిందనుంచి సీలింగుదాకా పగలగొట్టాలి. పిల్లల గది పాడైపోతుంది. ఏమనుకోకమ్మా."

ఆయన నేలమీద కూర్చుని, గోడ అడుగున ఉలి ఆనించాడు. సుత్తి ఎత్తాడు.

హడావిడి చూస్తోంది. మాట్లాడకపోతే సరిపోతుంది. గోడ పగిలిపోతుంది, ఆ ముక్కల్లో మేకు కలిసిపోతుంది. ఎవరికీ తెలీదు. ఈ పెద్దాయన మాత్రం తన జాయింటు కారిందనుకుంటూ ఇంటికెళ్తాడు.

గోడమీది కళ్ళు టార్చి వెలుగులో ఆమెనే చూస్తున్నాయి.

"అక్కడ కాదు అంకుల్."

సుత్తి గాల్లోనే ఆగింది.

హడావిడి మంచం ఎక్కింది. టేపు చిరుగుతున్నా ఆగకుండా బొమ్మని పీకేసింది. గోరుతో టూత్‌పేస్టు గీకింది. లోపల తుప్పుపట్టిన మేకు తల.

"ఇక్కడ. నేనే కొట్టాను. పన్నెండు రోజులైంది. మీ జాయింటు కాదు."

ప్లంబర్ లేచి వచ్చి మేకుని చూశాడు. వేలితో తెల్లటి పొడి తీసి వాసన చూశాడు.

"పుదీనా పేస్టు! గోడకి పళ్ళు తోమావా తల్లీ?" అని పెద్దగా నవ్వాడు. వాడిన మీసాలు మళ్ళీ లేచాయి. "అయితే నా జాయింటు గట్టిగానే ఉందన్నమాట! అరచెయ్యంత కన్నం చాలమ్మా దీనికి."

అమ్మ నవ్వలేదు. బుడ్డోడి కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఆ చిన్న చూపుడువేలి కేసి చూస్తూ ఉండిపోయింది.

"వీడి వేలు ఆ స్విచ్చి మీద పడుంటే..." అంది.

హడావిడికి ఏడుపు ఆగలేదు. అమ్మ ఆమెని ఏడవనిచ్చింది. తర్వాత టార్చి చేతికిచ్చింది.

"పట్టుకో. అంకుల్‌కి సరిగ్గా వెలుగు పడాలి."

ప్లంబర్ గోడకి కన్నం చేసి, పగిలిన పైపు ముక్క కోసి కొత్తది అతికేదాకా హడావిడి చెయ్యి కదపలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు విప్పి ఆరబెట్టి, సరే అన్నాకే మెయిన్ వేశారు.

గోడ ఆరేదాకా రెండు రోజులు పిల్లల పక్క హాల్లోనే.

"మేకు సంగతి నీకెలా తెలుసురా?" అని అడిగింది హడావిడి.

"ఆ రోజు దాగుడుమూతల్లో నేను మంచం కింద దాక్కున్నాగా! నువ్వు నన్ను వెతకలేదు."

"మరి అమ్మకి చెప్పలేదేం?"

"మామ వద్దన్నాడు. అక్కే చెప్తుంది, ఆగు అన్నాడు."

"గోడలు మాట్లాడవురా."

బుడ్డోడు జాలిగా చూశాడు. "నీతో మాట్లాడవు," అని అటు తిరిగి పడుకున్నాడు.

* * *

తర్వాతి శనివారం స్నానాలగది తలుపు గడియ వదులైంది. హడావిడి స్క్రూడ్రైవర్ తీసుకుంది. అది ఆ స్క్రూకి సరిపోయేది కాదు. అయినా బలంగా తిప్పింది. స్క్రూ తల అరిగి నున్నగా అయిపోయింది.

తలుపు దగ్గరగా వేస్తే ఆ స్క్రూ ఎవరికీ కనబడదు.

హడావిడి ఒక్క క్షణం నిలబడింది. తర్వాత స్క్రూడ్రైవర్ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది.

"అమ్మా, గడియ స్క్రూ పాడుచేశాను."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఇంకా ఎవరూ చూడలేదు."

అమ్మ స్టవ్ ఆపి, చేతులు తుడుచుకుని, ఆమె వెనకాల నడిచింది.