పాట ఆగకూడదు

“పాట ఆగకూడదు,” అన్నాడు ఉమామహేశ్వర్లు. “ఆగితే సొరంగం కూలుతుంది.”

మార్కాపురం బస్టాండు వెనక లాడ్జి గది. తన పై అధికారి బ్రీఫింగ్ వింటున్నది ఏజెంట్ నౌషాద్. ఈ ఊరివాడే. తండ్రి పలకరాయి క్వారీలో పనిచేశాడు.

గిద్దలూరు అవతల కొండల్లో రైలు సొరంగం ఉంది. రైళ్లు ఆపేశారు. కానీ లోపల ట్రాక్ పని చేస్తున్న గ్యాంగ్‌మెన్ ఉన్నారు. వాళ్లకు ఫోన్లు అందవు. ఎవరైనా లోపలికి పోతే కొండ మీదివాళ్లకు కనబడతారు. పైన కొండలో విదేశీ ముఠా పేలుడు మందు పాతింది. పేల్చేది మధుసూదన్ అనే క్వారీ బ్లాస్టర్. అది రోడ్డు కాంట్రాక్టు అని, సొరంగం ఖాళీ అని అతనికి చెప్పారు. అతని పక్కన తుపాకులతో ఇద్దరున్నారు.

“మూడు విజిళ్లు వినందే పేల్చనన్నాడట మధుసూదన్,” అన్నాడు ఉమామహేశ్వర్లు. “క్వారీ అలవాటు. అందుకని విదేశంలో ఉన్న బాసు ఇంటర్నెట్ రేడియో పెట్టాడు. పాత పాటలు, మధ్యలో విజిళ్లు. మూడోది పడితే పేలుస్తాడు. రేడియో ఆగితే దొరికిపోయామనుకుని ఆ ఇద్దరే మీట నొక్కుతారు. పేల్చే పెట్టె తాళంచెవి పెట్టెకే ఉంది, అది పీకితే మీట పనిచేయదు.”

“రేడియో ఏ దారిన పోతుంది సార్?”

“ఇక్కడి పలకల ఎగుమతి గోడౌన్‌లో ముఠా సర్వర్ గది ఉంది. యూనిక్స్ ఫైర్‌వాల్ గుండా కొండ మీది ఫోన్‌కు పోతుంది. ఆ ఫైర్‌వాల్ మీద ప్రాక్సీ పెట్టు. పాట నీ చేతికొచ్చి, నీ చేతినుంచి వాళ్లకు పోవాలి. మూడో విజిల్ మింగెయ్.”

“మింగితే ఇంకోటి వేస్తారు గదా?”

ఉమామహేశ్వర్లు జేబులో చెయ్యి పెట్టాడు. చెవికి ఇయర్‌పీస్, చేతికి ఒక బలపం ఇచ్చాడు. విరిస్తే పెన్‌డ్రైవ్.

నౌషాద్ ఏసీ మెకానిక్ వేషంలో గోడౌన్‌కు వెళ్లాడు. మేనేజర్ సుప్రియ ఎదురొచ్చింది. నల్ల కళ్లద్దాలు, పట్టుచీర. ముఠా సమాచారం అమ్మింది ఆమే.

“పలక ఉందా?” అని గుర్తుమాట అడిగింది.

“బలపమే ఉందక్కా.”

ఆమె స్టీలు తలుపు తెరిచింది. అతను లోపలికి పోగానే బయట తాళం పడింది.

“అక్కా! ఏందిది?”

“మీవాళ్లూ జీతమిస్తుండారు, వాళ్లూ ఇస్తుండారు తమ్ముడూ. ఎవరు గెలుస్తారో తేలేదాకా ఈడనే ఉండు.”

చెప్పుల చప్పుడు దూరమైంది.

గదికి కిటికీ లేదు. ఏసీ నిజంగానే పాడైంది. మూలనున్న స్పీకర్‌లో రేడియో పాట వస్తోంది. పాట మధ్యలో మొదటి విజిల్ పడింది.

నౌషాద్ పెన్‌డ్రైవ్ పెట్టి ప్రాక్సీ లేపాడు. రేడియో అడిగే ప్రతి ఫోన్‌నూ ప్రాక్సీ వైపు తిప్పమని ఫైర్‌వాల్‌కు రూల్ రాశాడు. ఒక్క అక్షరం తప్పినా పాట ఆగుతుంది. మళ్లీ చదివి ఎక్కించాడు. ఏమీ మారలేదు. కొండ మీది ఫోన్ ముందే కలిసి ఉంది. పాత కనెక్షన్‌కు కొత్త రూల్ వర్తించదు. దాన్ని తెంచాలి. ఫోన్‌లో ముందే దిగిన పాట కొన్ని క్షణాలు వస్తుంది. ఆలోపు ఫోన్ మళ్లీ కలవాలి.

తెంచాడు. తెర ఖాళీ అయింది. చెమట కీబోర్డు మీద పడింది. తలుపు బయట ఎవరో దగ్గారు. కాపలా.

తెర మీద ఒక లైను వచ్చింది. ఫోన్ ప్రాక్సీ దారిలో కలిసింది.

రెండో విజిల్ పడింది. ముఠాకు అనుమానం రాకుండా దాన్ని పోనిచ్చాడు.

మూడోది మింగితే ఇంకోటి వస్తుంది. తను ఈ గదిలో ఎంతసేపు మింగగలడు? నాయన మాట గుర్తొచ్చింది. క్వారీలో ఆపకుండా ఊదే విజిల్ వినబడితే లోపల మనిషి ఉన్నాడని అర్థం. బ్లాస్టర్ ఎవర్నీ అడగడు. తాళం పీకి జేబులో వేసుకుని దిగిపోతాడు. ముఠాకు అది తెలియదు. ఆ విజిల్ తనే వేయాలి. వేస్తే కాపలావాళ్లు వింటారు.

ఇయర్‌పీస్ మైకును ప్రాక్సీకి కలిపాడు. స్పీకర్‌లో వినబడిన పాటను ప్రాక్సీ కొంచెం ఆలస్యంగా కొండకు పంపుతుంది. అతనికున్న వ్యవధి అంతే.

స్పీకర్‌లో మూడో విజిల్ పడింది. దాన్ని కోసేసి, నోట్లో రెండు వేళ్లు పెట్టి ఊపిరి అయిపోయేదాకా విజిల్ వేశాడు. వెంటనే పాటను మళ్లీ కలిపాడు.

“ఎవడ్రా లోపల?” తలుపు మీద తుపాకీ మడమ పడింది. “రాజ్ కుమార్! తాళమేదిరా?”

“మేడమ్ కాడుంది.”

“మేడమ్ ఏది?”

“కారెక్కి పోయిందన్నా!”

తూటా తలుపును తొలుచుకుని వచ్చి ఏసీకి తగిలింది. నౌషాద్ నేల మీద పడుకుని పాట విన్నాడు. పాట ఆగలేదు. ఇంకో తూటా వచ్చింది. తర్వాత బయట బూట్ల చప్పుడు, అరుపులు. గోడౌన్ బయట మాటేసిన పోలీసులు కాపలావాళ్లను పట్టుకున్నారు.

ఇయర్‌పీస్‌లో ఉమామహేశ్వర్లు గొంతు వినిపించింది. “మధుసూదన్ తాళం పీకి దిగొచ్చాడు. ఇమ్మని వాళ్లు అతని వెంటపడ్డారు. కొండ కింద పొంచి ఉన్న మనవాళ్లు ఆ ఇద్దర్నీ పట్టుకున్నారు. గ్యాంగ్‌మెన్ బయటికొస్తున్నారు. ఇదిగో, మధుసూదన్ నీతో మాట్లాడతాడట.”

“ఎవరు నాయనా విజిలేసింది?” అడిగాడు మధుసూదన్. “ఖాళీ అని చెప్పినారు నాకు. ఇంతమంది ఉండారే! ఇంకెవరన్నా మిగిలినారా లోపల?”

నౌషాద్ తలుపు తోసి చూశాడు. కదల్లేదు.

“ఒకడుండాడన్నా,” అన్నాడు. “ఈ తలుపు తాళం మాత్రం కారెక్కి పోయింది.”